జెండాల నెలలో బడి చొక్కాలు

పోలింగ్ దగ్గర పడేకొద్దీ మాస్టరమ్మకు ఒకచోట కూర్చోవడమే చేతకాకుండా పోయింది. కూర్చుంటే లేస్తుంది, లేస్తే నడుస్తుంది, నడిచి నడిచి కటింగ్ టేబుల్ చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి మూలకే వస్తుంది. "కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు?" అని మేడ మీంచి అక్క కేకేస్తే, "నేను తిరక్కపోతే పని ఎవరు చేస్తారు, మీ ఆయనా?" అని కిందినుంచి జవాబు వెళ్ళేది.

కుట్టుపని చేసేచోట బట్ట కోసేవాణ్ణి మాస్టరంటారు. ఇక్కడ కోసేది ఆడమనిషి కాబట్టి మాస్టరమ్మ. తండ్రి పోతూ పోతూ పైవాటా పెద్దకూతురికీ, కిందివాటా, అందులోని టేబులూ కత్తెర్లూ మిషన్లూ చిన్నకూతురికీ రాసిచ్చాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా, "నన్ను ఈ టేబుల్‌కిచ్చి చేశారుగా, ఇంకా ఎన్ని పెళ్ళిళ్ళు?" అని వాళ్ళ నోరు మూయించేది. మిషన్ల మీద నలుగురు ఆడవాళ్ళు, కిటికీ పక్కన స్టూలు మీద కాజాల పెద్దమ్మ. పెద్దమ్మ గుండీలూ కాజాలూ చేత్తో కుడుతుంది. ఆవిడ కుట్టిన కాజా చిరగాలంటే ముందు చొక్కా చిరగాలి.

ఆ నెలంతా జెండాలే. ఊదా, తెలుపు. థాన్లకు థాన్లు ఊదారంగు టేబుల్ ఎక్కడం, కటింగ్ మిషన్ కింద దొంతర్లుగా తెగడం, మిషన్ల మీద తెలుపుతో జతపడి గుమ్మం దాటడం. రెండు రోజులకోసారి వ్యాన్ వచ్చి తీసుకుపోయేది. తిన్న అన్నంలో కూడా ఊదా దారప్పోగులు కనబడేవి. వీధి వీధంతా ఇదే ఊపు. పక్కనున్న టీ కొట్టువాడు కొత్తగా ఇద్దర్ని పనికి పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న బ్యానర్ల ముద్రణ కొట్టు షట్టరు దించడమే మానేశారు. మైకు వ్యాన్లు అటూ ఇటూ తిరుగుతూ చెవుల్లో ఇల్లు కట్టుకొని కూర్చున్నాయి.

ఈ హడావుడికి మూలపురుషుడు బావ. మామూలు రోజుల్లో సరుకు రవాణా కంపెనీలో గుమాస్తా. ఎన్నికలొస్తే సెలవు పెట్టి అభ్యర్థి మనిషైపోతాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు, నోట్లో ఒకటే సిద్ధాంతం.

"చూడు మరదలు పిల్లా," అని టేబుల్ అంచున కూర్చొని మొదలుపెట్టేవాడు. "ప్రభుత్వం పడుకున్న వ్యాపారాల్ని లేపడానికి ఉద్దీపన ప్యాకేజీ అని పేపర్లో పేజీడు వేయించుకుంటుంది. ఆ డబ్బు బయల్దేరి ఒక కుర్చీ దగ్గర ఆగి, ఇంకో కుర్చీ దగ్గర సంతకం పెట్టించుకొని, మూడో కుర్చీవాడు భోజనానికెళ్ళాడని వరండాలో నిలబడి, మన వీధికొచ్చేసరికి దానికి ముసలితనం వస్తుంది. అదే మా అభ్యర్థి డబ్బు చూడు. పొద్దున్న ఆయన చెయ్యి దాటితే మధ్యాహ్నానికి నీ దగ్గర, సాయంత్రానికి టీ కొట్టులో, రాత్రికి కూరగాయల బండి మీద. ఎన్నికలు ఏటా పెడితే ఇంక ప్యాకేజీలతో పనేముంది?"

"దిగు బావా, బట్ట నలుగుతోంది."

"కాదంటావా?"

"పరుగెత్తుతుందనే నేనూ అంటున్నా. పోలింగ్ మర్నాడు ఎక్కడికి పరుగెత్తుతుందో అది చెప్పు."

 బావ ఫోన్ మోగిందని బయటికెళ్ళాడు. ఫోన్ మోగలేదు.

పోలింగ్ మర్నాడు ఏమవుతుందో మాస్టరమ్మకు కంఠతా వచ్చు. పోయిన ఎన్నికలప్పుడూ ఇంతే. నెలంతా జెండాలు, పోలింగ్ అయిన మర్నాడు శ్మశానం. అంతకుముందు ఉన్న చిన్నా చితకా గిరాకీని జెండాల కోసం వదిలేసుకున్నారు, ఆ బట్టలిచ్చేవాళ్ళు వేరే దుకాణాలు చూసుకున్నారు. ఆరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాల్సి వచ్చింది, పని లేదు, ఉన్నప్పుడు కబురు చేస్తానని. ఆ కబురు చెయ్యడానికి ఏడాది పట్టింది. ఈలోపు కాజాల పెద్దమ్మ ఒక సత్రంలో గిన్నెలు తోమింది. తిరిగొచ్చేసరికి ఆవిడ వేళ్ళు నీళ్ళలో నాని నాని పగిలిపోయి ఉన్నాయి, సూది పట్టుకోవడానికే నెల పట్టింది. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మాస్టరమ్మకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఈసారి ఆవిడ కళ్ళన్నీ వెనకగదిలో ఉన్న థాన్ల మీదున్నాయి. బావ వెక్కిరించే ఆ ముసలి ప్యాకేజీలోంచే ఒక మంచి పని వీళ్ళకు దక్కింది. బడిపిల్లల చొక్కాలు పెద్ద మిల్లులకివ్వకుండా ఇలాంటి చిన్నచోట్లకు పంచారు. బట్ట ప్రభుత్వ స్టోరుదే. పోలింగ్ ముందురోజు సాయంత్రంలోగా మొదటి విడత తప్పుల్లేకుండా అప్పగిస్తే ఏడాది పొడుగునా పని వీళ్ళదే. గడువు దాటితే వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. అంటే ఐదుగురు ఆడవాళ్ళు పోలింగ్ మర్నాడు గుమ్మం లోపల ఉంటారా బయట ఉంటారా అన్నది ఆ థాన్లలోనే ఉంది.

మరి వాటిని ముందే కుట్టొచ్చు కదా అంటారు. కుట్టొచ్చు. కానీ బావ తెచ్చే జెండాలకు ఎప్పటికప్పుడు చేతిలో డబ్బు పడుతుంది. ఆడవాళ్ళ జీతాలకూ, కరెంటుకూ, కొత్త మిషన్ కొందామని దాచుకోవడానికీ అదే ఆధారం. ఈ లాటు అయ్యాక, ఈ ఒక్క లాటు అయ్యాక అని చొక్కాల్ని వెనక్కి నెడుతూ వచ్చింది. ఇక వారమే మిగిలిందనగా గుండె గుభేలుమంది. ఒకరోజు తెల్లవారుతూనే లేచి, ఆడవాళ్ళు రాకముందే చొక్కా థాన్లు టేబుల్ మీదికి ఎక్కించింది.

పొరలు పరిచింది, కొలతకు కోసిన అట్ట పెట్టింది, సుద్ద గీసింది, కటింగ్ మిషన్ ఆన్ చేసింది. చిన్న సైజు, నడిమి సైజు, పెద్ద సైజు, అన్నిటికీ ఛాతీ వైపు వచ్చే ముందు ముక్కలు సర్రున తెగాయి. ఇంత తొందరగా ఎప్పుడూ కొయ్యలేదు. చాలా రోజుల తర్వాత కాస్త కుదురుగా కూర్చొని టీ తాగింది కూడా.

తొందరకొద్దీ ఈసారి ముక్కల మీదే కాజాలు కుట్టేద్దామనుకున్నారు. మగపిల్లల చొక్కాకు కాజాలు ఎడమ ముక్క మీద, గుండీలు కుడి ముక్క మీద వస్తాయి. మధ్యాహ్నం దాకా పెద్దమ్మ తలొంచుకొని కాజాలు కుట్టింది. భోజనాల తర్వాత కట్టల్లో చెయ్యిపెట్టి ఇటు వెతికింది, అటు వెతికింది.

"అమ్మాయ్, కాజాలు కుడుతూనే ఉన్నా. గుండీలు కుట్టడానికి కుడి ముక్కలు ఎక్కడ పెట్టావు?"

"ఆ కట్టల్లోనే ఉంటాయి చూడు పెద్దమ్మా."

"చూశాను. అన్నీ ఎడమవే."

మాస్టరమ్మ వచ్చి ఒక కట్ట విప్పింది. ఎడమ. ఇంకోటి విప్పింది. ఎడమ. మూడోది విప్పే ఓపిక లేక అక్కడే నేల మీద కూలబడింది.

జెండా బట్టకు రెండు వైపులూ ఒకటే. థాను ఎటు విప్పినా ఫరవాలేదు, పొర మీద పొర పరుచుకుంటూ పోవడమే. బడి చొక్కా బట్ట అలా కాదు. దానికి ఒక వైపే గీతలు అచ్చు వేసి ఉంటాయి. అందుకని ఒక పొర అచ్చు పైకి, తర్వాతి పొర అచ్చు కిందికి వచ్చేలా ముఖానికి ముఖం పెట్టి పరుస్తారు. అప్పుడు ఒక్క అట్టతోనే సగం ఎడమవి, సగం కుడివి వస్తాయి. నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాళ్ళకు కూడా తెలిసిన సంగతి. నెల పొడుగునా జెండాలు కోసిన చెయ్యి ఆ తెల్లవారుజామున బుర్రనడక్కుండా తన అలవాటు ప్రకారం పరుచుకుపోయింది. ప్రభుత్వం లెక్కగట్టి ఇచ్చిన బట్టలోంచి ముందు ముక్కలన్నీ ఎడమవే తెగాయి. వీపులకూ చేతులకూ తప్ప బట్ట మిగల్లేదు.

మిషన్లు నాలుగూ ఆగిపోయాయి. 

సరిగ్గా అప్పుడే, ఎవరో ముహూర్తం పెట్టి పంపినట్టు, బావ లోపలికొచ్చాడు. చేతిలో సంచి, ముఖంలో వెలుగు.

"మరదలు పిల్లా, పంట పండింది. ఆఖరి రోజు ఊరేగింపుకు జెండాలు కావాలి. ఇప్పటిదాకా కుట్టినవన్నీ ఒక ఎత్తు, ఇవొక్కటీ ఒక ఎత్తు. సగం డబ్బు ముందే తెచ్చా. నీ తరఫున సరేనని మాట ఇచ్చేశా."

"కుదరదు బావా."

"ఏమిటి?"

"కుదరదు. ఈ వారం చొక్కాలే."

బావ ముందు నవ్వాడు, తర్వాత ఆవిడ ముఖం చూసి నవ్వడం మానేశాడు. సంగతి చెప్పింది. విన్నాడు, కానీ ఆయన చెవికెక్కింది వేరు.

"ఇంకేం, పాడైపోయినవి ఎలాగూ పాడైపోయాయి. ఆ చొక్కాలు వదిలెయ్. వాటి డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇది చూడు, చేతిలో ఉంది. ఈ వారంలో ఆర్నెల్ల సంపాదన."

"ఆర్నెల్ల సంపాదన నాకు. వీళ్ళకు వారం పని. ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత. మాట ఇచ్చానంటుంటే. నా పరువేం కాను?"

మాస్టరమ్మకు ఒళ్ళు మండింది. "నీ మాట నువ్విచ్చుకున్నావు బావా, బాగానే ఉంది. నా చేతులూ, ఈ ఐదుగురి చేతులూ కూడా కలిపి ఇచ్చేశావే, ఎవరినడిగి?"

బావ సంచి తీసుకొని, మెట్లు దబదబా తొక్కుకుంటూ పైకెళ్ళిపోయాడు. పైన తలుపు గట్టిగా పడింది. అక్క కిందికి దిగి ముక్కున వేలేసుకొని అందరి వంకా చూసి, "ఏమైంది?" అనడిగి, కట్టలు చూసి, ఇంకేమీ అడక్కుండా అందరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చుంది. మాటలన్నీ ఆవిడ విన్నది. తెచ్చిన డబ్బు సంచి వెనక్కి వెళ్ళిపోవడమూ చూసింది.

ఆ సాయంత్రం మాస్టరమ్మ తిరిగిన తిరుగుడుకు టేబుల్ చుట్టూ నేల అరగాల్సింది. తనమీద తనకే కోపం. భయం కూడా. పిల్ల చేష్ట చేశానే, చేసి చేసి ఈ పనిలోనే చేశానే అని తల బాదుకుంది. తిరుగుతూ తిరుగుతూ ఒకసారి పెద్ద సైజు ముక్క మీద చెయ్యి పడింది. ఆగింది. చిన్న సైజు అట్ట తెచ్చి, దాన్ని తిరగేసి ఆ ముక్క మీద పెట్టి చూసింది. పట్టింది. పదహారేళ్ళవాడి ఎడమ ముక్కలోంచి ఆరేళ్ళవాడి కుడి ముక్క వస్తుంది. ఎడమవి ఎలాగూ అవసరానికి రెట్టింపు ఉన్నాయి. చిన్నపిల్లల చొక్కాలు గట్టెక్కాయి. నడిమి సైజుకూ పెద్ద సైజుకూ మాత్రం కుడి ముక్కలకు కొత్త బట్ట తప్పదు.

ఆ అచ్చు బట్ట బజార్లో దొరకదు. మర్నాడు పొద్దున్నే ప్రభుత్వ స్టోరుకెళ్ళింది. అక్కడి అధికారిణి తొందర ఎరగని మనిషి. కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నది. ఏదో వంక చెబుదామని దారి పొడుగునా కూడబలుక్కున్న మాస్టరమ్మ, తీరా ఆవిడ ముందు కూర్చున్నాక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"జెండా కోసినట్టు కోసేశారన్నమాట," అంది అధికారిణి.

"అవునండీ."

"ఉచితంగా ఇంకో మీటరు ఇవ్వడానికి నాకు అధికారం లేదు. వెల కట్టి తీసుకెళ్తానంటే బట్ట ఉంది. గడువు మాత్రం జరపలేను."

నెలంతా జెండాల మీద మిగిలింది, కొత్త మిషన్‌కని డబ్బాలో పెట్టుకున్నది, ఆ కౌంటర్లో పోసేసింది.  అభ్యర్థి జేబులోంచి బయల్దేరి, జెండాల మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చిన డబ్బు చివరికి ప్రభుత్వం గల్లాపెట్టెలో పడింది. బావకు చెబితే దీనికి కూడా ఒక సిద్ధాంతం లేవదీస్తాడు అనుకొని, బావ తనతో మాట్లాడ్డం లేదని గుర్తొచ్చి, థాను భుజానికెత్తుకుంది.

గడువుకు మిగిలిన నాలుగు రోజులూ ఎలా గడిచాయో ఎవరికీ తెలీదు. ఈసారి పొరలు పరిచేటప్పుడు అక్కను ఎదురుగా నిలబెట్టి, ప్రతి పొరకూ "పైకి", "కిందికి" అని అనిపించుకుంది. అక్క విసుక్కుంటూనే అన్నది. జెండాలు ఊరి అవతల ఇంకో దుకాణానికి పోయాయి. బావను అభ్యర్థి మనుషులు మరదలి చేత మాట పడ్డవాడివని ఆటపట్టించారట. పైనుంచి దిగేటప్పుడు ముఖం మాడ్చుకొని, గోడకేసి చూసుకుంటూ పోయేవాడు. మాస్టరమ్మకు బాధగానే ఉండేది. అయినా కత్తెర దించలేదు.

పోలింగ్ ముందురోజు మధ్యాహ్నానికి చివరి గుండీ పడింది. చొక్కాలు మడతలు పెట్టి, మూటలు కట్టి, బయటికి తెచ్చాక తెలిసింది, ఊళ్ళో ఒక్క వ్యాను కూడా ఖాళీ లేదు. ఉన్నవన్నీ ఎన్నికలకే మాట్లాడేసుకున్నారు. ఎవరికి ఫోన్ చేసినా రెండ్రోజులాగమనేవాడే. స్టోరు సాయంత్రం మూసేస్తారు. మాస్టరమ్మ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగింది. తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడొచ్చింది ఒక మైకు వ్యాను, చుట్టూ ఊదా జెండాలు, మైకు మాత్రం మూగ. డ్రైవరు పక్కన బావ. దిగలేదు, ఆవిడ వైపు చూడలేదు. అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"ప్రచారం గడువు అయిపోయింది. బండి సాయంత్రం దాకా నా చేతిలోనే ఉంది. ఎక్కించండి."

"బావా."

"ముందు ఎక్కించమన్నా కదా. పెట్రోలు మా అభ్యర్థిది. మీ ప్రభుత్వ చొక్కాలు కదలాలన్నా చివరికి మేమే దిక్కయ్యాం, అది గుర్తుపెట్టుకో."

ఆ మాటకు మిషన్ల ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. మాస్టరమ్మ నవ్వుదామనుకుంది, ఏడుపొచ్చింది. జెండాల మధ్య చొక్కాల మూటలు పెట్టుకొని వ్యాను స్టోరుకు చేరింది. అధికారిణి ఒక్కో మూటలోంచి ఒక్కో చొక్కా తీసి, ఎడమ చూసింది, కుడి చూసింది, కాజాలోంచి గుండీ దూర్చి లాగి చూసింది. తల ఊపి, తర్వాతి విడత బట్ట అప్పటికప్పుడే ఇప్పించింది. వెళ్ళిన వ్యాను ఖాళీగా తిరిగి రాలేదు.

పోలింగ్ అయింది. మర్నాడు పొద్దున్న వీధి బోసిపోయింది. టీ కొట్టు మూసి ఉంది, కొత్తగా పనికి కుదిరిన ఇద్దరూ మూసిన తలుపు ముందు కూర్చొని ఉన్నారు. బ్యానర్ల కొట్టు షట్టరు నెల తర్వాత కిందికి దిగింది. కాలువలో ఊదారంగు గుడ్డలు. బావ లుంగీతో గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూశాడు.

"మొన్నటిదాకా అంత డబ్బు తిరిగిందే ఈ వీధిలో. ఏమైపోయిందంటావు మరదలా?"

 గెలిచానన్న సంతోషం మాస్టరమ్మకు లేదు. మూసిన టీ కొట్టు ముందు కూర్చున్న ఆ ఇద్దర్నీ చూస్తుంటే ఏమీ తోచలేదు. లోపల నలుగురూ వచ్చి మిషన్ల ముందు కూర్చున్నారు. స్టూలు మాత్రం ఖాళీ. పెద్దమ్మ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు. మాస్టరమ్మకు మళ్ళీ కాళ్ళు ఆగలేదు, టేబుల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

కాసేపటికి పెద్దమ్మ వచ్చింది. గడప దాటలేదు. బయటే నిలబడి, సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి ఇచ్చింది. విప్పితే చిన్న కత్తెర, సూదుల డబ్బీ. రెండూ ఇక్కడివే.

"ఏమిటిది పెద్దమ్మా?"

"పోలింగ్ అయిపోయింది కదమ్మా. పోయినసారి నువ్వు చెప్పలేక చాలా అవస్థ పడ్డావు. అందుకని ఈసారి నువ్వు చెప్పకముందే ఇచ్చేసి పోదామని."

"మొన్న బట్ట వచ్చిందిగా, నువ్వు చూడలేదా?"

"చూశాను. బట్ట ఉంది సరే. డబ్బు సంచి వెనక్కి పంపించావు, డబ్బాలోది అక్కడ కట్టేశావు. ఇంక మాకెక్కణ్ణుంచి ఇస్తావు? నలుగురినైతే ఎలాగో నెట్టుకొస్తావు. చేత్తో కాజాలు కుట్టే ముసలిదాన్ని నేనెందుకు బరువు?"

 రాత్రంతా ఆవిడ ఈ మాటలు కూడబలుక్కొని ఉంటుందని అర్థమై మాస్టరమ్మ కళ్ళు నిండిపోయాయి. కత్తెర తీసుకుంది. లోపలికెళ్ళి, కొత్త థాన్ల మూటకు కట్టిన తాడు దాంతోనే కత్తిరించింది. తిరిగొచ్చి, కత్తెరా సూదుల డబ్బీ పెద్దమ్మ చేతిలో పెట్టి, ఆ పగుళ్ళు మానిన వేళ్ళను తన చేతుల్లోకి తీసుకొని, గడప లోపలికి లాగింది.

"రా పెద్దమ్మా, మొన్నిచ్చిన చొక్కాల డబ్బు వస్తుంది, జీతాలు అందులోంచే. ఆలస్యమైపోయింది. గుండీలు కుట్టాలి. ఈసారి కుడివి కూడా ఉంటాయి."